ఎనభై రెండు పైసలు

ఆ కార్డు మీద నా పేరు పొంగి ఉండేది.
షేక్ మీరావలి.
వేలితో తడిమితే అక్షరం అక్షరం తగిలేది.
రేషన్ కార్డులో కూడా తప్పు పడిన పేరు
ఇక్కడ సరిగ్గా ఉందని
ఆ రాత్రి రెండుసార్లు తడిమాను.

ఒంగోలు పెట్రోలు బంకు పక్కన, గొడుగు కింద
టై కట్టుకున్న పిల్లోడు ఇచ్చాడు.
జీవితాంతం ఉచితం అన్నా, అన్నాడు.
ఎవరి జీవితం అని అడగాల్సింది.
వాడి చొక్కా చెమటకి వీపునంటుకుపోయింది.
పాపమనిపించి సంతకం పెట్టాను.

ఒక్కసారే గీకాను.
పొదిలి చుట్టూ బోర్లన్నీ అడుగంటి
మోటార్లు వరసబెట్టి కాలిన ఎండాకాలం.
రాగితీగ, పదకొండు కిలోలు.
గడువుకి రెండ్రోజుల ముందే బాకీ కట్టి
కార్డుని స్క్రూల డబ్బాలో వేశాను,
తుప్పు పట్టిన వాషర్ల అడుగున.
ఎనిమిది నెలలు అక్కడే పడుకుంది.
పడుకునే మేసింది.

ఏడాది రుసుం ఐదొందల ఎనభై తొమ్మిది.
అది కట్టలేదని ఐదొందలు జరిమానా.
జరిమానా మీద తొంభై పన్ను.
పన్ను కట్టలేదని వడ్డీ,
వడ్డీకి మళ్ళీ పన్ను.
మెసేజీలు పంపామన్నారు.
పంపారేమో, బోరుబావిలో పడ్డ నా పాత ఫోనుకి.

నేను చుట్లు లెక్కపెట్టి బతికేవాణ్ణి.
కాలిన తీగ విప్పుతూ ఒక్కో గాడిలో ఎన్నో చూసుకుని
కొత్త తీగ అన్నే చుడతాను.
ఒక్క చుట్టు తప్పినా
నీళ్ళలోకి దిగిన వారానికి మోటారే చెప్పిద్ది.
ఈ లెక్క విప్పుదామంటే
కొస దొరకలేదు.

ఫోనులో ఒకమ్మాయి. సార్ సార్ అంటూ కాగితం చదివింది.
నేను వాడలేదమ్మా, అన్నాను.
వాడకపోవడం వల్లే సార్, అంది.
ఏడాదికి యాభై వేలు గీకితే రుసుం మాఫీ అంట.
కడుపు పగిలేలా తిన్నోడికి భోజనం ఊరికే,
విస్తరి ముందు కూర్చోనివాడికి బిల్లు.
కార్డు విరిచేస్తానన్నాను.
విరిచినా ఖాతా ఉంటుంది సార్.
తర్వాత గొంతు బాగా తగ్గించి,
"యాడన్నా సర్దుకుని కట్టెయ్ అన్నా, ఇంకా పెరిగిద్ది."
ఆ పెరిగిద్ది మా దర్శి వైపుదో, అద్దంకి వైపుదో.
ఏ ఊరమ్మా అనేలోపు
లైనులో పాట మొదలైంది.

నా షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసిన బాకీలుంటాయి.
మర్రిపూడి మాలకొండమ్మ, ఐదు హెచ్‌పీ,
నాలుగు వేల రెండొందలు.
కందులు అమ్మి ఇస్తానంది. వాన రాలేదు, కంది ముడుచుకుంది.
ఆ రాత్రి కోపమొచ్చి
బ్యాంకు వాళ్ళ లెక్కే ఆమె పేరు కింద వేశాను.
జరిమానా, పన్ను, వడ్డీ, మళ్ళీ జరిమానా.
గోడ చాల్లేదు, లెక్క తలుపు మీదకి ఎక్కింది.
తెల్లారేదాకా పొదిలిలో నాకంటే షావుకారు లేడు.

పొద్దున్నే ఆటో దిగిందావిడ.
గోడ చూసింది, తలుపు చూసింది.
"ఏంది మీరావలీ, ఈ రాత?"
కూడికలు నేర్చుకుంటున్నాలే, అన్నాను.
మూడు వేలు చేతిలో పెట్టింది.
మిగతాది పొగాకు వేలం డబ్బు పడ్డాక అంది.
బల్ల మీద సొరకాయ పెట్టి,
"ఆలస్యమైంది, ఏమనుకోబాక."

తడిగుడ్డతో తుడిచాను.
సుద్ద పోయింది గానీ తలుపు మీద
ఆ సున్నాల మరకలు ఎండాక మళ్ళీ కనబడ్డాయి.

ఆ మూడు వేలల్లోంచే
ఒంగోలు వెళ్ళి కౌంటర్లో కట్టేశాను.
రెండు వేల మూడొందల నలభై ఒక్క రూపాయి,
ఎనభై రెండు పైసలు.
పైసలు నేనెక్కడ తేను? రూపాయి ఇచ్చాను.
కౌంటర్లో మనిషి తలెత్తకుండా ముద్ర గుద్దాడు.

గోడ మీద ఇప్పుడు కొత్త పేరుంది, మాలకొండమ్మ కింద.
బ్యాంకు. పద్దెనిమిది పైసలు.
నెల దాటింది.
ఫోను చేస్తే తెలుగు కోసం రెండు నొక్కమంటుంది.
నొక్కి, కూర్చుని ఉన్నాను.