అన్న వార్త

నరసాపురం రేవు పక్కన, వలల కొట్టు మీద గదిలో
సాయంత్రం ఆరింటికి ఇంగ్లీషు చెబుతాను.
కింద నైలాను తాడు తూస్తుంటారు,
పైన మేం వాక్యాలు.
పంటు ఆఖరి ట్రిప్పు హారను వినబడితే
సఖినేటిపల్లి వాళ్లు పుస్తకాలు మూసేస్తారు,
క్రియ ఇంకా రాకపోయినా సరే.

ఆ వేళ పాఠం దట్, దాని చుట్టాలు.
ముందు నామవాచకం వచ్చి గట్టు మీద నిలబడుతుంది,
చేతిలో సంచీ కూడా ఉండదు దానికి.
తర్వాత దట్టో, హూవో. ఆ వెనకాల కథంతా.
'ద మేన్ హూ సోల్డ్ ద బోట్' అని రాశాను.
మనకి అలా కాదు కదా అన్నాను.
పడవ అమ్ముకున్న మనిషి.
మన దగ్గర మనిషి వచ్చేసరికే
పడవ అమ్ముడైపోయి ఉంటుంది.

రొయ్యపిల్లల కంపెనీ కుర్రాడొకడు నవ్వాడు,
తర్వాత కిటికీలోంచి చూశాడు.

మాటల్లో దాన్ని ఎగరగొట్టేస్తారు అని కూడా చెప్పాను.
'ద డే యూ కేమ్.' నువ్వొచ్చిన రోజు.
మధ్యలో ఏమీ ఉండదు.
బోదె మీద కొబ్బరి దుంగ
వరదకి కొట్టుకుపోయాక కూడా
అలవాటైన కాలు అక్కడే దాటినట్టు.

అక్కడితో ఆపేస్తే పోయేది.
తర్వాతి పేజీ రెండు దట్‌లది.
'ద న్యూస్ దట్ హి బ్రాట్.'
'ద న్యూస్ దట్ హి డ్రౌన్డ్.'
పుస్తకంలో ఉన్నట్టే బోర్డు మీదికి ఎక్కించేశాను.
మొదటిది అతను తెచ్చిన వార్త.
రెండోదాన్ని తెలుగు చేద్దామని తిరిగి
మల్లాడి సువార్తని చూశాను.

లేసు కంపెనీలో మెయిళ్లు రాస్తుంది సువార్త.
వాళ్ల ఏసోబు అక్టోబరులో బోటెక్కాడు.
బోటు దొరికింది.
ఇంజను దొరికింది.
ఐసు పెట్టె, మూతతో సహా.

తనే లేచింది.
"ఆయ్, చెప్పండి మాస్టారూ.
రెండోదానికి మనం అన్న పెడతాం కదండీ.
మునిగిపోయాడన్న వార్త."

ఇరవయ్యేళ్లుగా ఆ మాటని జిగురులా వాడాను.
దానికో నుదురుంటుందని,
ఉప్పుకి తెల్లబడ్డ వేళ్లుంటాయని
తోచలేదు.

"తెచ్చిన వార్తకైతే అన్న అక్కర్లేదండీ,
ఏం తెచ్చాడో చెప్పకుండా అక్కడో ఖాళీ ఉంది,
వార్తెళ్లి అందులో కూచుంటాది.
రెండోదాంట్లో ఖాళీ లేదు.
ఉన్న నీళ్లన్నీ నిండిపోయాయి.
అందుకని పట్టుకోడానికి ఒకడు కావాలి."
పుస్తకానికి పేజీన్నర పట్టింది ఈ సంగతి.
సుద్దముక్క ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను.

"ఇంగ్లీషే నయమండీ" అంది కూర్చుంటూ.
ఎందుకని అడగలేదు. హోంవర్కు పుస్తకంలో కనబడింది.
'ద న్యూస్ దట్'
అంతే.
గీత లేదు, చుక్క లేదు.

తెలుగులో అలా ఆగలేం.
వార్త అన్న మాట దగ్గరికి చేరేలోపే
జరిగేదంతా జరిగిపోతుంది,
నీళ్లు ముందొచ్చి, ఊరి పేరు తర్వాత తెలుస్తుంది.
ఈ దట్ దగ్గర మాత్రం
పంటు తలుపు నేలకి దించి
ఎంతసేపైనా ఉంచొచ్చు.
ఎవరో ఒకరు
లుంగీ పైకి కట్టుకుంటూ
ఆ చివరి నుంచి రావచ్చు.

ఎర్ర సిరాతో పూర్తి చేయి అని రాయబోయి
టిక్కు పెట్టాను.
తప్పే. వ్యాకరణం ఒప్పుకోదు.
కింద కొట్లో ఎవడో బేరమాడుతున్నాడు,
తూకం అయిపోయాక కూడా,
తాడు ఇంకొక్క బార కలపమని.