ముప్పై నాలుగో నోటు

మే నెల. కడప ఆఫీసులో ఫ్యాను
తిరుగుతున్నట్టు నటిస్తోంది.
నా ముందు కంపెనీ లెక్కలు, పచ్చసిరా పెన్ను,
మీద మీగడ కట్టిన టీ.

రాతినార గని మూసి పద్దెనిమిదేళ్ళు.
తాళం గేటుకే పడింది.
గుట్ట నోటికి ఎవరూ వేయలేకపోయారు.
గాలి తిరిగినప్పుడల్లా
తెల్లగా ఏదో చెబుతూనే ఉంటుంది.

మా శాస్త్రంలో రాబోయే బాకీలు మూడు రకాలు.
కట్టక తప్పనిది: దాన్ని పద్దులో పెట్టాలి.
రావచ్చు, రాకపోవచ్చు అన్నది:
వెనక పేజీల్లో సన్నక్షరాలతో ఒక నోటు రాస్తే చాలు.
మూడోది దూరపు మాట.
దాని పేరెత్తక్కర్లేదు.

గుంత పూడ్చడానికి మూడు కోట్లవుతుంది,
ముప్పై ఏళ్ళ తర్వాత.
పది శాతం చొప్పున ఏడాదేడాదీ వెనక్కి నడిపించుకొస్తే
ఇవాళ్టి గుమ్మంలోకి వచ్చేసరికి పదిహేడు లక్షలు.
నేనే నడిపించాను. తప్పు లేదు, రెండుసార్లు చూశాను.
అంత పెద్ద గుంత
నా క్యాలిక్యులేటర్లో పట్టింది.

వకీలు సుబ్బనరసయ్య గారి ఉత్తరం:
దావాలు నలభై మూడు.
ఎక్స్‌రేలున్న పదకొండింటికి నిరుడే డబ్బు పక్కన పెట్టారు.
మిగతా ముప్పై రెండూ దూరపు మాట.

ఎంత దూరమో చూద్దామని ఆదివారం బస్సెక్కాను.
టికెట్టు యాభై ఐదు రూపాయలు.
చీనీతోటలు దాటి, ఎండిన వంక దాటి,
కునుకు పట్టేలోపే నారగుంటపల్లె వచ్చేసింది.

ఓబయ్య అంగడి గోడ మీద
బొగ్గుతో ఊరందరి బాకీలు.
నోట్లు లేవు, సన్నక్షరాలు లేవు,
చదువు రానివాడికి కూడా గీతలున్నాయి.
దస్తగిరి, పదమూడు వందల నలభై.
కొట్టివేసి పన్నెండు ఎనభై.
కొట్టివేసి పన్నెండు ఇరవై.

"ఆయప్ప పీర్లపండగకి ముందే పోయినాడు," అన్నాడు ఓబయ్య.
"శుక్రవారం శుక్రవారం మాబున్ని అరవై తెచ్చిచ్చి పోతాది.
వద్దంటే ఇనదు."

మాబున్ని అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది.
"నువ్వు కట్టక్కర్లేదు కదమ్మా," అన్నాను.
చట్టం నాకు తెలుసు.
ఆమె చెయ్యి ఆగలేదు.
"తిన్నది మేమే గదమ్మా.
తిన్నోళ్ళు సచ్చిపోతే తిండి అబద్ధమైతాదా?"

తర్వాత అడిగింది:
"నువ్వు కంపెనీ లెక్కలామెవంట గదా,
మా ఆయప్ప పేరు మీ బుక్కులో ఉండాదా?"

ఉంది, అన్నాను.
ఎక్కడుందో చెప్పలేదు.

పదకొండులో ఇద్దరు పోయారు.
గడువులోగా వారసులు కాగితం పెట్టుకోలేదు.
పక్కన పెట్టిన డబ్బు ఇక అక్కర్లేదు గనక
వెనక్కి తిప్పి
ఆ రెండు మొత్తాలూ ఈ ఏటి 'ఇతర ఆదాయం'లో కలిపారు.
పాత ఇనుము అమ్మిన డబ్బు కింద,
బ్యాంకు వడ్డీకి పైన.
పద్దెనిమిదేళ్ళు దగ్గి దగ్గి
కంపెనీకి దస్తగిరి తెచ్చిన లాభం అది.

ముప్పై నాలుగో నోటులో ఒకే వాక్యం:
'యాజమాన్యం అభిప్రాయంలో
ఆర్థిక స్థితిపై గణనీయమైన ప్రభావం ఉండదు.'
గణనీయం అంటే లెక్కపెట్టదగింది.
లెక్కపెట్టే మనిషిని నేను.

సోమవారం మేనేజరు రెండుసార్లు తొంగి చూశాడు.
"ఇంకా టిక్కు పెట్టలేదా మేడం?"
మార్జిన్లో పెన్సిల్‌తో రాశాను:
గడువు సంగతి వారసులకు ఎవరు చెప్పారు? ఏ భాషలో?
పెన్సిల్ రాత. రబ్బరు అతని బల్ల మీదే ఉంది.
అది కూడా నాకు తెలుసు.

సంచిలోంచి కళ్ళద్దాలు తీస్తుంటే
నిన్నటి ఊరి దుమ్ము
నోటు మీద సన్నగా, తెల్లగా రాలింది.
అలవాటుగా నోరు దగ్గరకు తీసుకెళ్ళాను,
ఊదబోయి
ఊపిరి బిగబట్టాను.