తాళానికీ ఓ చెవి

హిబారాలో సముద్రం ఫోన్లను తింటుంది.
ఉప్పు గాలి ఛార్జింగు రంధ్రాల్లో
పచ్చగా చిలుము పట్టిస్తుంది.
అరిగిన పళ్ళ బ్రష్షు, సీసా మూతలో నాలుగు చుక్కల స్పిరిటు,
కరెంటున్న రెండు గంటలు.
అదీ నా దుకాణం.

ఆగస్టులో ఒక రాత్రి
కబుర్ల యాప్‌లన్నీ ఒక్కసారే మూగబోయాయి.
పచ్చది, నీలిది,
పిల్లలు బొమ్మలు పంపుకునేదీ.
తెల్లారేసరికి నా గుమ్మం ముందు బారు:
"ఒదాలిస్, నా ఫోను చచ్చిపోయింది."
చావలేదు నాయనా, గొంతు నొక్కారు.

ఈమెయిలు మాత్రం నడుస్తోంది.
దాన్నెలా ఆపుతారు?
రేవులో ఓడల లెక్కలు దాని మీదే,
చక్కెర మిల్లు జీతాల జాబితా దాని మీదే,
అన్నీ ఆపెయ్యమని పైనుంచి దిగిన ఉత్తర్వు కూడా
దాని మీదే కదా వచ్చింది!
కూర్చున్న కొమ్మను
ఎవరు నరుక్కుంటారు.

ఒల్గీన్ నుంచి లారీ ఎక్కి వచ్చింది నియుర్కా,
జడలో దోపుకున్న మెమొరీ కార్డుతో.
అందులో ఓ చిన్న యాప్.
చూడ్డానికి కబుర్ల పెట్టే,
నా మాట కుడివైపు, నీ మాట ఎడమవైపు.
కింద మోసేది మాత్రం
మనందరికీ తెలిసిన ముసలి టపా.
అదే పాత చిరునామా, అదే పాత దారి.
గాడిదకేం తెలుసు
మూటలో మాసిన బట్టలున్నాయో, పెళ్ళి చీరలున్నాయో.

నియుర్కా తన ఫోను ఎదురుగా పెట్టి
తెర మీది నల్లచుక్కల చదరాన్ని
నా ఫోను కంటితో చదివించింది.
"ఇక నా తాళం నీ దగ్గరుంది, తెరిచే ఉంది.
నాకు రాసిన ప్రతిసారీ వేసెయ్యి.
వేశాక నువ్వూ తీయలేవు.
చెవి నా దగ్గరే."

గోడలకు చెవులుంటాయని
అమ్మ చిన్నప్పుడే మా గొంతులు తగ్గించింది.
తాళానికీ ఓ చెవి ఉంటుందని
ఎవరూ చెప్పలేదు.
అది వినదు.

ఏం రాసుకున్నాం?
ఉప్పుందా. ఉంది, నూనె లేదు.
ఉబ్బసం పంపు మందుల షాపుకి వచ్చిందా. రాలేదు.
నీళ్ళ లారీ? అయిదు రోజులైంది.
ఈ మాత్రానికి తాళమా అనకండి.
'లేదు' అన్న మాట
గట్టిగా అంటే ఫిర్యాదు,
నలుగురితో అంటే కుట్ర.

ఎలియోవెర్ మా మేనత్త కొడుకు.
టెలిఫోన్ ఆఫీసులో రాత్రి డ్యూటీ,
టపా అంతా అతని కళ్ళ ముందు నుంచే పోతుంది.
కాఫీకి వచ్చి, కప్పు తిప్పుతూ తిప్పుతూ అన్నాడు:
"మీ ఉత్తరాలు చూశాను.
కాగితం మీద చీమల్ని ఒలకబోసినట్టున్నాయి.
ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."
నా ఊపిరి నాకు తిరిగొచ్చింది.
"మంగళవారం రాత్రి మాత్రం పదకొండు.
ఒంటిగంటకీ రెండుంపావుకీ మధ్య.
నువ్వూ నియుర్కా."

నిజమే. కవరు మీద చిరునామా లేనిదే
ఏ టపావాడూ మోయడు.
కిటికీకి తెర కట్టుకోవచ్చు,
లోపల దీపం వెలుగుతోందని
వీధికి తెలియకుండా ఎలా?

ఆ వారం నేను రాయలేదు.
ఉప్పు అయిపోయింది.
అప్పుడూ రాయలేదు.

శనివారం, కరెంటు పోయే వేళకి,
ఎలియోవెర్ తన ఫోను తెచ్చి బల్ల మీద పెట్టాడు.
తెర పగిలిందన్నాడు.
తిప్పి చూశాను. గీత కూడా లేదు.
అతను వీధివైపు తిరిగి కూర్చున్నాడు,
చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని.
"ఎంతసేపు పడుతుంది?"
"పాస్‌వర్డు గుర్తుంటే అయిదు నిమిషాలు."

చదరం తెర మీదికి వచ్చింది.
సరిగ్గా అప్పుడే పంకా ఆగింది.
ఫోను వెలుగొక్కటే మిగిలింది,
మా ఇద్దరి గడ్డాల కింద.