ఇంకా నూకలున్నయ్

పంపు దగ్గర ఎవరూ చెప్పలేదు.
ఎప్పటిలాగే సున్నా చూపించి పోశారు.

మూసారాంబాగ్ వంతెన మధ్యలో
స్టీరింగ్ పట్టుకుని ఎస్తేరు, పక్కన నేను,
మా కాళ్ల కింద రెండు జతల క్లచ్చులు,
బండి ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది.
"నేనేం చెయ్యలేదు మేడమ్" అంది ఆ పిల్ల.
నిజమే. థర్డ్ గేర్ అనుకుని ఫస్ట్ వెయ్యడం తప్ప
ఏ పాపమూ ఎరగదు.
వెనక హారన్ల వాన.
నెత్తిమీద ఎర్రటి 'ఎల్' చూసైనా
ఈ ఊళ్లో ఎవరూ జాలిపడరు.

గోషామహల్ సందులో జహీర్ భాయ్ షెడ్డు.
పాత హార్లిక్స్ సీసాలో కాసిని నీళ్లు పోసి
గీత గీసి, పైన నా ట్యాంకులోని పెట్రోలు పోసి
ఊపి కిటికీలో పెట్టాడు.
చాయ్ తాగేలోపు నీళ్లు గీత దాటాయి.
"చూడుండ్రి, గా పైకెక్కినదంత ఇథనాల్.
సారా అనుకోండ్రి.
పెట్రోల్‌తోని దోస్తీ చేస్తది,
నీళ్లు కనబడంగనే అటు దుంకుతది."

రబ్బరు గొట్టాలు విప్పి నా అరచేతిలో పెట్టాడు.
నానిన శనగల్లా ఉబ్బాయి,
నొక్కితే వేలికి నల్లగా అంటాయి.
ఇరవై మూడేళ్లు పెట్రోలు మోసినవి
నిండా రెండేళ్లు సారాకి ఓర్చలేదు.
"ఎట్లాగూ విప్పినం గద.
ఇరవై పాళ్లేంది, ఎనభై పోసినా
నడిచేటట్టు చేస్త."

రాణీగంజ్ నుంచి కొత్త గొట్టాలు, వాషర్లు వచ్చాయి.
కార్బురేటర్ జెట్టుని లింబాద్రి
ముక్కుపుడక పట్టుకున్నట్టు పట్టుకుని
సూదంత బరమాతో
వెంట్రుకవాసి వెడల్పు చేశాడు.
"దీనికి దూప ఎక్కువైతదక్కా,
మైలేజీ మాట అడగొద్దు."

అయినా ఆగి ఆగి నడిచింది.
సారా ఊరికే కాలదు, పోతూ పోతూ కడుగుతుంది.
ట్యాంకు అడుగున ఇన్నేళ్ల తుప్పు,
నా దగ్గర క్లచ్ నేర్చి
పెళ్లిళ్లకీ ఆఫీసులకీ ఆసుపత్రులకీ వెళ్లిపోయిన
ఎవరెవరి కాలం నాటి బురదో
ఫిల్టరులోకి గోధుమరంగుగా దిగింది.
నాలుగు మార్చాం.
నాలుగోది తెల్లగా బయటికొచ్చింది.

లింబాద్రిది బోధన్ వైపు.
ఇథనాల్ డబ్బా మూత తీసి
చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.
"మా నాయిన అంగి వాసన" అన్నాడు.
చక్కెర ఫ్యాక్టరీ బందైనంక
ఆ అంగీని వాళ్లమ్మ ఎన్నిసార్లు ఉతికినా
మొలాసిస్ పోలేదట.
"ఇప్పుడు చెరుకొక్కటే కాదక్కా.
మక్కలతోని, నూకలతోని గూడ తీస్తున్నరు."

నూకలు.
మా అమ్మ బియ్యం జల్లించి
కింద రాలినవి వేరే డబ్బాలో దాచేది.
నెలాఖరున జావ.
ఆ జావ తాగి నిలబడ్డ కాళ్లతోనే
బ్రేకు తొక్కుతున్నాను,
నూకలు తాగే బండికి.
తప్పో ఒప్పో నాకు తెలీదు.
ఎవరి గిన్నెలోంచి వచ్చాయో
పంపువాడి రసీదులో ఉండదు.

మర్నాడు పొద్దున చలికి మొండికేసింది.
లింబాద్రి సీసామూతెడు వట్టి పెట్రోలు
దాని గొంతులో పోశాడు,
చంటిపిల్లకి వాము నీళ్లు పట్టినట్టు.
చోక్ లాగాను. ఊహూఁ.
మళ్లీ లాగాను.
మూడోసారికి షెడ్డంతా
పులిసిన తీపి వాసన.

జహీర్ భాయ్ బానెట్ దించి, దాని మీద చెయ్యేసి
"తీస్కపోండ్రి" అన్నాడు.
"దీనికి భూమ్మీద ఇంకా నూకలున్నయ్."
నేనెందుకు నవ్వానో ఆయనకి అర్థం కాలేదు.
లింబాద్రికి అయింది.

నాగోల్ ట్రాక్‌లో ఎస్తేరు ఎనిమిది వేసింది.
రెండో సున్నా మొదట్లో కొంచెం ఊగింది గానీ
గీత తొక్కలేదు.
ఇన్‌స్పెక్టరు కిటికీలోకి తలపెట్టి
ముక్కు ఎగబీల్చాడు.
ముందు ఆ పిల్ల మొహం చూశాడు,
తర్వాత నాది.

"మేం కాదు సార్" అన్నాను,
"బండి."