రెండుకూ ఎనిమిదికీ నడుమ

సొహార్ కోర్టులో నాకు సొంత నోరు లేదు.
మొదటిరోజే ప్రమాణం చేయించారు:
విన్నది విన్నట్టు, కలపకుండా, మింగకుండా.
మిగతా రోజులు టైపింగ్ సెంటర్లో వీసా కాగితాలు నింపుతాను.
పిలుపొస్తే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని
అరబ్బీకీ తెలుగుకీ మధ్య
గొట్టంలా నిలబడతాను.

ఇవాళ బోనులో ఎనగందుల నర్సింగం.
మెట్‌పల్లి పక్క ఊరు. ఫ్రీజర్ లారీకి హెల్పరు.
రేవు నుంచి ఇబ్రి ఆసుపత్రికి పోయే సరుకులో
మూడు డబ్బాలు తీసి
సీలు మళ్లీ అంటించాడని కేసు.

దుకాణంలో ఎత్తుకుపోతే ఒక లెక్క,
పంపినవాడి చేయి దాటి
అందుకునేవాడి చేతికి చేరకముందే ఎత్తుకుపోతే
ఇంకో లెక్క, అన్నాడు ప్రాసిక్యూటర్.
అందులోనూ మందు. శిక్ష రెట్టింపు కావాలన్నాడు.

అక్కడ ఆగిపోయాను.
మా నాయనమ్మ 'దారిదొంగ' అంటుండేది.
ఆ మాటలో కత్తి ఉంటుంది, గుట్ట మలుపు ఉంటుంది,
ఎడ్లు బెదిరిన చప్పుడుంటుంది.
నర్సింగం దగ్గర దొరికింది
సగం ఎండిన జిగురు సీసా.
జడ్జి కళ్లద్దాల మీంచి చూశాడు.
"తొవ్వల ఉన్న మందు" అన్నాను.
నర్సింగం తలూపాడు. తొవ్వ అతనికి ఎరుకే.

తర్వాత ఫార్మసిస్టు జుహైనా వచ్చింది,
చేతిలో చలి కొలిచిన గీతల కాగితం.
ఇన్సులిన్ రెండు డిగ్రీలకూ ఎనిమిదికీ నడుమ
బతుకుతుందంది.
ఇతను పాత లుంగీలో చుట్టి సీటు కింద
ఇంజను పక్కన ఆరు రోజులు దాచాడు.
బయట నలభై ఆరు.
"అతను అమ్మింది మందు కాదు, నీళ్లే అనుకోండి.
చూడటానికి తేడా ఉండదు."

చూడటానికి తేడా ఉండదు.
తెలుగులో చాలా సులువైన వాక్యం.
చెప్పాను.

పెన్ను రెండు రియాళ్లు. కొన్నవాళ్లలో దొరికింది పదకొండు మంది.
బోగ పోశన్న, వెల్డరు, బొటనవేలికి పుండు,
ఇప్పుడు బొటనవేలు లేదు.
తేదీలు చదివారు:
మే పన్నెండు, పదమూడు, పదిహేను, ఫలజ్ క్యాంపు గేటు.

పదిహేనున ఆ గేటు దగ్గర
మంగలి షాపు కుర్రాడు నాకు నాలుగు పెన్నులిచ్చాడు.
చవగ్గా వచ్చాయి కదాని బిల్లు అడగలేదు.
ఆ నెలంతా నా షుగరు మూడు వందలు దిగలేదు.
అన్నం మానేసి గటక తాగాను,
రాత్రిళ్లు రింగు రోడ్డు పక్కన నడిచాను,
నా నాలుకనే తిట్టుకున్నాను.
పన్నెండో మనిషి గురించి
కోర్టు నన్ను అడగలేదు.
అడగనిది చెప్పడం నా పని కాదు.

ఏమైనా చెప్పుకుంటాడా, అన్నాడు జడ్జి.
"ఏమన్న చెప్పుకుంటవా?" అన్నాను.
జడ్జిని నేనే అన్నట్టు
నర్సింగం నా మొహంలోకి చూశాడు.
"తీసినప్పుడు సల్లగనే ఉండె సారూ.
చేతులు జివ్వుమన్నయి."

జివ్వుమనడానికి నా అరబ్బీలో మాట లేదు.
ఒక అరచేతిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని చూపించాను.
గుమాస్తా అది రాసుకోలేదు.

తీర్పు. "నాలుగు..." అన్నాడు జడ్జి,
ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.
ఏళ్లో నెలలో ఇంకా అనలేదు.
"నాలుగేండ్లు" అన్నాను నేను.

ఏళ్లే అయ్యాయి. ఎవరూ పట్టించుకోలేదు.
పైన జరిమానా, ఆపైన దేశం దాటించడం,
అవి మాత్రం విన్నాకే చెప్పాను.
నర్సింగం వేళ్లు మడిచి ఏదో లెక్కేసుకుంటూ పోయాడు.

వరండాలో బెంచీ మీద ఫ్లాస్కు మూత తిప్పాను.
మంచుముక్కల నడుమ ఇవాళ్టి పెన్ను,
బిల్లుతో కొన్నది.
పట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి.
అదొక్కటే సాక్ష్యం.
చొక్కా ఎత్తి, పొట్ట చర్మం చిటికెడు పట్టుకుని,
సూది దించి
పది లెక్కపెట్టాను.