నోరూరే చోటు

మైనపు దిమ్మ మీద నంబరు నాలుగొందల పన్నెండు.
గనగళ్ల పోలమ్మ, యాభై ఎనిమిది, బందరువానిపేట.
ఎడమ చెవి కింద గ్రంథి.
మంచుగడ్డ మీద దిమ్మను చల్లబరిచి
ఉల్లిపొర కన్నా పల్చగా కోస్తాను.
గోరువెచ్చని నీళ్లలో పొర తేలుతుంది,
ముడత పడకుండా గాజుపలక మీదికి ఎక్కించాలి.
పన్నెండేళ్లుగా ఇదే పని. ఇంకా ఊపిరి బిగబడుతుంది.

వరండా బెంచీ మీద ఆవిడే కూర్చుని ఉంది.
ముఖం ఒక పక్కకి జారిపోయింది,
ఎడమ కన్ను మూతపడదు.
"సెవి కింద సింతపిక్కంత లేసిందమ్మా,
పన్నునొప్పనుకున్నాను.
అడ్డపొగ తాగీదాన్ని. అందుకా ఏటి?"
తెలీదన్నాను.
నిజంగానే తెలీదు. చుట్ట నిప్పు నోట్లోపల పెట్టుకుని
మా అమ్మమ్మ ఎనభై ఏడేళ్లు బతికింది,
అంగిలి తెల్లగా మొద్దుబారినా.

ఏం పాపం చేసింది ఆ గ్రంథి?
ఎండు నెత్తళ్లు పెనం మీద పడితే నోరూరించింది.
తట్ట దించకుండా శ్రీకాకుళం వీధులన్నీ తిరిగిన రోజున
ఎండిన గొంతుకి ఒక గుటక దాచిపెట్టింది.
ఎవరూ మెచ్చుకోని పని.

యాంటీబాడీ చుక్కలు వేసి మూత పెట్టాను.
అది వెతుక్కుంటూ పోతుంది,
తన ప్రోటీను దొరికితే అతుక్కుంటుంది,
లేకపోతే కడుగునీళ్లలో కొట్టుకుపోతుంది.
ఆఖరి చుక్కకి రంగు రావాలి.
గడియారం చూస్తూ నిలబడ్డాను.

వచ్చింది.
పలక ఎటు జరిపినా కేంద్రకాలు
ఆరబోసిన ఉలవల్లా.
మేడమ్ కళ్లద్దాలు నుదుటికి నెట్టి
"ఆండ్రోజన్ రిసెప్టర్, నూటికి తొంభై" అన్నారు.
మగ హార్మోను వస్తే కూర్చోడానికి వేసిన పీట అది.
ఆడమనిషి లాలాజల గ్రంథిలో.

మొన్న ఫారం నింపుతూ భర్త పేరడిగితే
"ఏటకెల్లి రానేదు, పద్దెనిమిదేల్లు.
ఇంట్లో మగదిక్కు నేదు, నానే" అంది.
అదీ ఇదీ కలపకూడదు నేను.
కణానికి కథలు తెలీవు,
పీట వేసుకుని కాచుక్కూర్చోవడం తెలుసు, అంతే.
ఆ పీట లాగేసే మందు ఒకటుందిట,
మగాళ్ల జబ్బుకి వాడేది. పనిచేస్తే చేస్తుంది.
మేడమ్ ఆ మాట రెండుసార్లు అన్నారు.

సాయంత్రం బయటికొస్తే ఇంకా అక్కడే.
"ఏటమ్మా, సెడ్డదేనా?"
డాక్టరుగారు చెబుతారన్నాను. రేపన్నాను.
చేతితొడుగు ఎక్కడో చిరిగినట్టుంది,
చూపుడువేలి గోరంచున గోధుమ మరక.
"గోరింటాకేటి?" అంది.
సగం ముఖం నవ్వింది.