పోటు, పాటు

కేజీహెచ్ డౌన్లో, మెట్లు దిగాక ఎడమపక్క,
ముక్క పరీక్షల కాగితాలిచ్చే కిటికీ నాది.
టైపు కొట్టడం వరకే నా పని.
అర్థాలు డాక్టరుగారినే అడగాలని
గోడ మీద బోర్డుంది.
దాని కిందే నిలబడి నన్నడుగుతారు.

"నెగెటివ్" అని చదివితే
పాడేరు నుంచి వచ్చిన పాంగి సుక్రు
గోడకి జారబడిపోయాడు.
ఇక్కడ లేదన్నదే మంచిమాటని
నచ్చచెప్పేసరికి
నా అన్నం డబ్బా చల్లారిపోయింది.

"ఇడియోపతిక్" అని ఒకటుంది.
ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని వస్తుంది.
విప్పి చూస్తే లోపల
"మాకూ తెలీదండీ" అని బిక్కమొహం.
టైపు చేసినప్పుడల్లా
దాని మీద నాకు కొంచెం జాలి.

తెడ్డు కాసులమ్మ వచ్చింది ఒక మంగళవారం.
పెదజాలారిపేట. యాభై నాలుగేళ్లు. ఎడమ రొమ్ము.
హౌస్ సర్జన్ కుర్రాడిది పెనుకొండ,
సముద్రం చూసి ఇంకా ఆర్నెల్లు కాలేదు.
"నొప్పి ఎట్లుంది?"
"పోటు బాబూ."
"పోటు ఎప్పుడెక్కువ?"
ఇదేం ప్రశ్నన్నట్టు చూసింది.
"పున్నానికీ అమాసకీ. మామూల్గా రోజుకి రెండుమార్లు."
అతను శ్రద్ధగా రాసుకున్నాడు,
పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

ఆమె దగ్గర ఇంకా ఉన్నాయి.
సలుపు, తీపు, గుంజు,
జెల్ల ముల్లు దిగి లోపలే విరిగినట్టుండేది,
కోసుకున్న వేలు ఉప్పునీట్లో ముంచినట్టుండేది.
కేసు షీటులో అన్నిటికీ కలిపి
ఇంగ్లీషులో నాలుగక్షరాల మాట ఒకటి.

కాగితం వచ్చిన రోజు
"కార్సినోమా" అని మూడుసార్లు చదివించుకుంది.
"ఏటమ్మా దానర్థం?"
బోర్డు వంక చూశాను. తర్వాత చెప్పేశాను.
"పీత."
వెనకటికి గ్రీకు దేశంలో ఒక వైద్యుడు
గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు చూసి
పీతకాళ్లలా ఉన్నాయన్నాడట.
పట్టు పడితే వదలదని కూడా అంటారు.

నవ్వింది.
ఇన్నేళ్లలో ఆ కిటికీ ముందు నవ్విన మనిషిని చూడలేదు.
"ఎవుడాడు? ఎప్పుడైనా పీతని పట్టాడా?
పట్టు ఒగ్గదా? కాలు పట్టి లాగమను,
ఆ కాలు ఆడి సేతిలో ఒగ్గీసి ఎల్లిపోద్ది.
గుల్ల మార్సిన రోజున ముట్టుకు సూడు,
జున్నుముక్కలాగుంటాది,
రొయ్యపిల్లకి బయపడి ఇసకలో దాంకుంటాది."

కోత అయింది. ఆరు సైకిళ్లన్నారు.
అవి తొక్కేవి కావని నేను చెప్పలేదు,
ప్రతిసారీ అలుపొచ్చిందని ఆమే చెప్పింది.

నా దగ్గరొక పాత ఎల్ఐసీ డైరీ ఉంది.
ఎడమవైపు వాళ్ల మాట, కుడివైపు మనది.
"రిమిషన్" ఎదురుగా ఏళ్లుగా ఖాళీ.
నయమైంది అంటే అబద్ధం.
తగ్గింది అంటే, ఎంత అని అడుగుతారు.
ఆగింది అంటే, ఎవరాపారని.
ఆ మాట ఉన్న కాగితం ఆమెకే ఇస్తూ
తడుముకుంటుంటే
అర్థమైపోయినట్టు చెయ్యూపింది.
"పాటు. అంతేగదా.
నీలెనక్కెల్లాయి.
సంద్రం ఎల్లిపోనేదు."

పాటు అని రాశాను.
మా ఇంట్లో ఆ మాటకి కష్టమనే అర్థం.
కొట్టెయ్యబోయి, ఉంచాను.

రెండు నెలల తర్వాత చెకప్ కొచ్చి
కిటికీ లోంచి ఒక సంచి తోసింది.
"ఇదిగో మీ రోగం. ఇగురెట్టుకో."
డెక్కలు నైలాన్ దారంతో కట్టిన ఆడపీత.
బస్సులో ఒళ్లో కదులుతూనే ఉంది.

నాకు పీత వండటం రాదు.
పెరట్లో బకెట్లో వేసి
పళ్లెం మూత పెట్టాను.
రాత్రంతా గీరిన చప్పుడు.

పొద్దున్న చూస్తే
పళ్లెం పక్కకుంది, దారం ఉంది,
ఒక కాలు ఉంది.